మధ్యాహ్నపు గంట

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినారుకు నాలుగు వైపుల నాలుగు గడియారములు కలవు. అవి 1889లో అమర్చబడినవి. ఆ గడియారములలో ముళ్ళు రెండును పైకి చేరుకొను వేళకు లాడ్‌బజారులో గాజుల దుకాణములు కళకళలాడుచుండును. పత్తర్‌గట్టిలో బేరములు జోరందుకొనును. గుల్జార్ హౌజు చుట్టును బండ్లు ఒకదానినొకటి ఒరసికొనుచు సాగుచుండును. ఈ రద్దీకి కొద్ది దూరములో, గల్లీల మలుపులలోనున్న ప్రభుత్వ పాఠశాలలలో ఇంకొక గడియారము నడచుచుండును. అది పిల్లల కడుపులోని గడియారము. మధ్యాహ్నపు గంట మ్రోగుటకు ముందే అది మ్రోగును. ఆ సమయమున నల్లబల్లపై ఎంత చక్కని లెక్క వ్రాసినను, పిల్లవాని చూపు బల్లపై నుండదు, వాకిలిపై నుండును.

ఆ వాకిటిలో అన్నపు పాత్ర వచ్చి దిగిననాడు ఏమగును? దిగనినాడు ఏమగును? ఉచితముగా పెట్టు ఈ పూట భోజనము వలన విద్యార్థులకు నిజముగా కలుగుచున్న మేలెంత? ఈ ప్రశ్నలను గూర్చి కొంత ఆలోచింతము.

ఈ ప్రసంగము వినుచున్న మీలో అనేకుల ఇండ్లలో ఉదయమున తల్లి పిల్లవానికి ఇడ్లీయో, ఉప్మాయో పెట్టి, టిఫిను డబ్బా సర్ది బడికి పంపును. మధ్యాహ్నము వానికి ఆకలి వేయునన్న సంగతి మనకు తెలియును గనుక ముందే దానికి ఏర్పాటు చేయుదుము. అది మనకు ఒక విశేషముగా తోచదు. కాని తెల్లవారకమునుపే తండ్రి కూలికిని, తల్లి నాలుగిండ్ల పాచిపనికిని పోవు ఇంటిలో ఎనిమిదేండ్ల బాలిక ఒకతె ఉన్నదనుకొనుడు. తమ్మునికి మొగము కడిగి, రాత్రి మిగిలిన రొట్టెముక్కను వానికి పెట్టి, తాను చాయ నీళ్ళు త్రాగి బడికి వచ్చును. ఆమెకు ఆనాడు మొదటి భోజనము బడిలో దొరకునదే. మన ఇంటి డబ్బా చేయు పనిని ఆమెకు బడి చేయవలసి యున్నది.

పాతబస్తీలో ఇట్టి పిల్లల ఎదుట రెండు త్రోవలు ఎప్పుడును తెరచియుండును. ఒకటి బడికి పోవును, రెండవది కార్ఖానాకు. లక్క గాజులకు రాళ్ళు అతుకుట సన్నని వేళ్ళకు సులువైన పని. కొలిమి సెగ ముందు గంటల తరబడి కూర్చుండబెట్టుటకు పసివారే దొరకుదురు. 2015 జనవరిలో పాతబస్తీలోని భవానీనగరు ప్రాంతమున పోలీసులు సోదాలు జరిపి, గాజుల కార్ఖానాలనుండి రెండు వందలకు పైగా బాలలను విడిపించిరి. వారిలో పెక్కుమంది బీహారు రాష్ట్రమునుండి కొనిరాబడినవారు. తలిదండ్రులు పిల్లలను ఇట్టి చోట్లకు పంపునది ప్రేమ లేక కాదు. కార్ఖానాకు పోయిన పిల్లవాడు తన కూడు తాను సంపాదించుకొనును, బడికి పోయిన పిల్లవానికి ఇల్లు కూడు పెట్టవలెను. పేదవాని త్రాసులో బడివైపు తట్ట ఎప్పుడును తేలికగానే ఉండును. ఒక పళ్ళెము అన్నము ఆ తట్టకు కొంత బరువు చేర్చును. కార్ఖానా ఇచ్చు కూలికి అది సమానము కాకపోవచ్చును. కాని అటో ఇటో అని ఊగుచున్న త్రాసును ఒక వైపునకు మొగ్గించుటకు కొద్ది బరువే చాలును.

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట మన నేలకు క్రొత్త కాదు. దర్గాల వద్ద లంగరులు, గుళ్ళలో అన్నసంతర్పణలు ఈ నగరము చిరకాలముగా ఎరిగినవే. గోదావరి లంకలలో, లంకల గన్నవరమున, 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మగారు వేళకాని వేళలో వచ్చిన బాటసారికిని వండి వడ్డించి, అపర అన్నపూర్ణ అనిపించుకొనినారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడి భోజన పథకమునకు ఆమె పేరే పెట్టినది. అయినను దానము వేరు, ఏర్పాటు వేరు. దాత దయతలచిన దినమున దానము లభించును. బడిపిల్లవాని ఆకలి మాత్రము దాత దయతో పనిలేకుండ దినదినమును వచ్చును.

ఈ సంగతిని గ్రహించి, బడిలో భోజనమును ఒక ఏర్పాటుగా మార్చిన తొలి వారిలో ఒకరు తెలుగు కుటుంబమున పుట్టినవారే. సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు చెన్నపట్టణపు నగరపాలక సంస్థకు అధ్యక్షులుగా ఉండగా, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతమునందలి సంస్థ పాఠశాలలో పిల్లలకు ఫలహారము పెట్టుటకు తీర్మానము జరిగినది. ఖర్చు దినమునకు తలకొక అణా మించరాదని నియమము. ఆ అణాను గూర్చి కూడ పై అధికారులు అభ్యంతరము చెప్పగా, 1925లో ఆ ఏర్పాటు కొంతకాలము ఆగిపోయినది. చదువు నిధిని తిండికి వాడవచ్చునా యన్నది వారి సందేహము. చదువునకును తిండికిని సంబంధము లేదనుకొనువారికి ఆ సందేహము సహజమే. తరువాత 1956లో కామరాజుగారి కాలమున మద్రాసు రాష్ట్రమంతటను మధ్యాహ్న భోజనము విస్తరించినది. 1982లో ఎం. జి. రామచంద్రన్‌గారి ప్రభుత్వము దానిని మరింత పెంచినది.

దేశమంతటికి వర్తించు పథకము 1995 ఆగస్టు 15న మొదలైనది. కాని అప్పుడు పెక్కు రాష్ట్రములలో పిల్లలకు లభించినది అన్నము కాదు, బియ్యమో గోధుమలో. నెలకు నూటికి ఎనుబది దినములు హాజరు గల విద్యార్థికి మూడు కిలోల ధాన్యము ఇచ్చుట నియమము. ఆ మూడు కిలోలు ఇంటికి పోయి అందరి కుండలో పడును. ఆరుగురు గల ఇంటిలో పంచుకొనగా తలకు నెలకు అరకిలో. ఎవరి పేర ఆ బియ్యము వచ్చినదో ఆ పిల్ల, ఇంటిలో కట్టకడపట తిను ఆడపిల్ల అయినచో, ఆమె భాగమునకు వచ్చునది ఇంకను తక్కువ. ఇట్లు బియ్యపు సంచి ఇంటికి సాయమయ్యెను గాని, బడిలో మధ్యాహ్నము పండ్రెండు గంటలకు వేయు ఆకలిని తీర్చలేకపోయెను.

2001లో పౌర హక్కుల ప్రజాసంఘము వేసిన వ్యాజ్యముపై సుప్రీంకోర్టు ఆ యేటి నవంబరు 28న ఇచ్చిన ఉత్తరువు ఈ లోపమును సరిచేసినది. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు ప్రాథమిక పాఠశాలలలో ప్రతి బిడ్డకును వండిన భోజనమే పెట్టవలెననియు, అందులో కనీసము 300 కేలరీల శక్తి, 8 మొదలు 12 గ్రాముల మాంసకృత్తులు ఉండవలెననియు, సంవత్సరమునకు కనీసము 200 దినములు పెట్టవలెననియు ఆ ఉత్తరువు. దాని ననుసరించి నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో, హైదరాబాదుతో సహా, 2003 జనవరిలో వండిన భోజనము మొదలైనది. పల్లెలలో పొదుపు సంఘముల స్త్రీలు గరిటె పట్టిరి. 2013లో వచ్చిన ఆహార భద్రతా చట్టము దీనిని ఆరునుండి పదునాలుగేండ్ల లోపు బాలబాలికల హక్కుగా చేసినది. ఇట్లు బియ్యపు సంచి అన్నపు పళ్ళెముగా మారినది. మార్పు చిన్నదిగా కనిపించును. ఫలితములో గల భేదమంతయు దానిలోనే ఉన్నది.

ముందుగా శరీరమునకు కలుగు ఫలితమును చూతము. నేటి నియమము ప్రకారము ప్రాథమిక తరగతుల బిడ్డకు ఒక పూటకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఇవ్వవలెను. ఇది 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు బియ్యము 150 గ్రాములు, శక్తి 700 కేలరీలు, మాంసకృత్తులు 20 గ్రాములు. ఎనిమిదేండ్ల బిడ్డకు దినమునకు కావలసిన శక్తిలో నాలుగవ వంతునకు మించిన భాగము ఈ ఒక్క పళ్ళెములో ఉన్నది.

ఇంత స్వల్పమైన తిండితో ఏమగునని కొందరు అనుకొనవచ్చును. దీనికి సమాధానము మన నగరములోనే దొరకును. కూనూరులో పుట్టిన పోషకాహార పరిశోధనాలయము 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదియే. ఆ సంస్థకు చెందిన డాక్టర్ సి. గోపాలన్‌గారును, వారి సహచరులును పల్లెలలోని చిన్నపిల్లలకు గోధుమపిండి, చక్కెర, నూనెలతో చేసిన తినుబండారమును పదునాలుగు నెలలు పెట్టి చూచిరి. దానిలో నున్నది 310 కేలరీలు, మూడు గ్రాముల మాంసకృత్తులు మాత్రమే. అయినను దానిని తిన్న పిల్లలు తినని పిల్లలకంటె ఎత్తులోను, బరువులోను స్పష్టముగా ఎక్కువ పెరిగిరి. 1973లో ప్రకటింపబడిన ఈ పరిశోధన ఒక పెద్ద పాఠము నేర్పినది. మన పిల్లలకు ఖరీదైన పొడులు లేకపోవుటకంటె చాలినంత అన్నము లేకపోవుటయే మొదటి లోపము. చిన్న తిండి అయినను దినదినమును అందినచో శరీరము దానిని వృథాగా పోనీయదు.

బడిలో తిన్నందువలన ఇంటిలో పెట్టు తిండి తగ్గునేమో యని ఒక శంక. ఈ శంకను మధ్యప్రదేశములో పరిశీలించిరి. ఫర్జానా అఫ్రీదీ అను ఆర్థికవేత్త జరిపిన ఆ పరిశీలనలో, బడి భోజనము ద్వారా అందిన పోషకములలో సుమారు సగభాగము, కొన్ని విషయములలో పూర్తి భాగము, పిల్లల దినభోజనమునకు అదనముగానే చేరినట్లు తేలినది. ఆమెయే మరియొక సంగతి గమనించిరి. నెలకొకమారు ధాన్యమిచ్చుట మాని దినమును వండి పెట్టుట మొదలిడిన పిమ్మట, ఒకటవ తరగతి ఆడపిల్లల హాజరు నూటికి పండ్రెండు పాళ్ళకు పైగా పెరిగినది. సంచిలో ధాన్యము పంపినపుడు రాని బాలిక, పళ్ళెములో అన్నము పెట్టినపుడు వచ్చినది!

మన తెలుగుదేశమునకు సంబంధించిన సాక్ష్యము ఇంకను హృదయమునకు తాకునది. ఒక అంతర్జాతీయ అధ్యయనమునకై 2002 నుండి నాటి ఆంధ్రప్రదేశములోని సుమారు మూడువేల మంది పిల్లల పెరుగుదలను ఏండ్ల తరబడి పరిశీలించుచు వచ్చిరి. శ్రీకాకుళము, పశ్చిమ గోదావరి, అనంతపురము, కడప, కరీంనగరు, మహబూబునగరు జిల్లాలతోపాటు హైదరాబాదు నగరము కూడ అందులో ఉన్నది. పరిశీలన మొదలైన కాలమందే తీవ్రమైన కరవు వచ్చినది. తల్లికి తిండి లేదు, ఒడిలోని శిశువునకు పాలు లేవు. అట్టి పసితనము గడిపిన పిల్లలు పొట్టిగా, సన్నగా మిగిలిపోవుదురు. ఆ లోటు ఇక తీరదని సాధారణముగా తలపోయుదురు. కాని ఈ పిల్లలు పెద్దవారై బడిలో చేరి మధ్యాహ్న భోజనము తిన్న తరువాత కొలిచి చూడగా, కరవు వలన కలిగిన నష్టము చాలవరకు పూడినట్లు కనబడినది. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టీఫన్ డెర్కన్ అను పరిశోధకులు తేల్చిన విషయమిది. ఒక ఏటి కరవు చేసిన గాయమును పెక్కు మధ్యాహ్నముల అన్నము మాన్పినది.

చదువు సంగతి చూడబోయినను ఇట్లే ఉన్నది. దేశవ్యాప్తముగా లభించు పరీక్షల ఫలితములను బట్టి తనికా చక్రవర్తి, రాజీ జయరామన్ అను ఆర్థికవేత్తలు 2019లో ప్రకటించిన లెక్కలో, అయిదేండ్ల వరకు ఈ భోజనము అందిన పిల్లలు, ఒక ఏడాదియైనను అందని పిల్లలకంటె చదువుటలో 18 శాతము, గణితములో 9 శాతము ఎక్కువ మార్కులు పొందిరి. ఒక నెలకో రెండు నెలలకో కనిపించు ఫలితము కాదిది. ఏడాది వెంబడి ఏడాది తిన్నచో కనబడునది. అంతేకాదు, బాల్యమున ఈ భోజనము తిన్న ఆడపిల్లలు పెద్దవారై తల్లులైన తరువాత, వారి బిడ్డలలో పెరుగుదల లోపము తక్కువగా నున్నట్లు 2021లో వెలువడిన మరియొక పరిశోధన తెలిపినది. ఈనాడు చార్మినారు గల్లీలో పళ్ళెము పట్టుకొని వరుసలో నిలిచిన బాలిక తనకు మాత్రమే కాక, ఇంకను పుట్టని తన బిడ్డకు కూడ అన్నము తినుచున్నదన్నమాట.

కొలతకు అందని ఫలితమొకటి కూడ కలదు. తెలుగు మాధ్యమపు పిల్లవాడు, ఉర్దూ మాధ్యమపు పిల్లవాడు ఒకే ఆవరణలో, ఒకే వరుసలో, ఒకే పాత్రలోని పప్పన్నము తినుటలో గల విద్య ఏ వాచకములోను వ్రాయబడలేదు. వంటవారి నియామకములో దళితులకు ప్రాధాన్యమీయవలెనని 2004లో సుప్రీంకోర్టు చెప్పినది ఇందుకే. ఎవరి చేతి వంట ఎవరు తినవచ్చునను పాత లెక్క పసివారి పళ్ళెము దగ్గరనే చెరిగిపోవలెను.

ఇంతవరకు చెప్పినది అన్నము సవ్యముగా చేరినచోట కలుగు మేలు. చేరనిచోట మాట? మేలును చెప్పి లోపమును దాచుట న్యాయము కాదు.

నగరములో, ముఖ్యముగా పాతబస్తీలో, చాలచోట్ల బడులు ఇరుకైన భవనములలో నడచును. పొయ్యి పెట్టుటకు చోటుండదు. అందుచేత దూరమున నున్న పెద్ద వంటశాలలలో తెల్లవారుజామునుండి వండి, మూత పాత్రలలో బండ్లపై పంపుట పరిపాటి. శుభ్రత విషయమున ఈ పద్ధతికి కొన్ని మేళ్ళు కలవు. కాని పొయ్యి దించిన వేళకును, పళ్ళెములో పడు వేళకును మధ్య గంటలు గడచినచో అన్నము ముద్దకట్టును, సాంబారు చల్లారును. ఊరందరికి ఒకే రుచిగా వండినది ప్రతి గల్లీ నాలుకకు నచ్చవలెనని లేదు. పిల్లవాడు రెండు ముద్దలు తిని మిగిలినది పారవేసినచో, పుస్తకములో ఒక భోజనము వ్రాయబడును, కడుపులో అరపూటయే చేరును. తెలంగాణములో 2015 జనవరి 1 నుండి బడి భోజనమునకు సన్నబియ్యము ఈయసాగిరి. నాజూకుతనముగా కొందరికి తోచిన ఈ మార్పులో గొప్ప వివేకమున్నది. తినని అన్నములో కేలరీలు లేవు గదా!

ప్రమాదములు కూడ మరువరానివి. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. పిల్లలకు వడ్డించుటకు ముందు ఉపాధ్యాయుడొకరు రుచి చూడవలెనను నియమమును వట్టి లాంఛనముగా భావింపరాదని ఆ దుర్ఘటన చెప్పుచున్నది.

ఇక అన్నిటికంటె పెద్ద ఖాళీ వేరొకటి. పాతబస్తీలో స్వల్ప రుసుముతో నడచు చిన్న ప్రయివేటు పాఠశాలలు వీధికొకటి కలవు. రిక్షా త్రొక్కువాడు, గాజులు అతుకువాడు తన కూలిలో కొంత మిగిల్చి బిడ్డను అచ్చట చేర్చును. ఇంగ్లీషు వచ్చునని ఆశ. 2013 చట్టము చెప్పిన హక్కు ప్రభుత్వ, స్థానిక సంస్థల, సహాయము పొందు పాఠశాలల వరకే. కనుక ఆశకొద్ది రుసుము కట్టిన తండ్రి, తెలియకయే బిడ్డ మధ్యాహ్నపు అన్నమును కూడ ఆ రుసుములో కలిపి చెల్లించుచున్నాడు. ఒకే గల్లీలో, ఒకే పేదరికములో పుట్టిన ఇద్దరు పిల్లలలో ఒకనికి అన్నము, ఒకనికి ఆకలి. ఇది ఏ పరిశోధకుడును పెట్టని పరీక్ష, ప్రతిదినము జరుగుచున్నది.

ఉదయపు ఆకలి కూడ మన దృష్టికి రావలసినదే. తమిళనాడు 2022లో ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు అల్పాహారము ప్రారంభించినది. తెలంగాణములో కూడ 2023 అక్టోబరు 6న అట్టి పథకము ప్రారంభింపబడినది. చాయ నీళ్ళతో బడికి వచ్చు బాలికకు మొదటి మూడు పాఠములు కూడ చెవికెక్కవలెనన్నచో ఇది విలాసము కాదు, అవసరము.

ఇన్ని మాటలలో నేను చెప్పదలచినది ఒక్కటే. బడి భోజనము చదువునకు తగిలించిన దానము కాదు, చదువులో ఒక భాగము. కనుక దానిని చదువును కొలిచినట్లే కొలువవలెను. ఎంత బియ్యము పంపితిమని గాక, ఎందరు పిల్లలు కడుపునిండ తినిరని అడుగవలెను. ఎన్ని దినములు పెట్టితిమని గాక, ఏ ఒక్కదినమైనను తప్పినదా యని అడుగవలెను. పాఠము చెప్పని దినమున ఉపాధ్యాయుని ప్రశ్నించుదుము. అన్నము రాని దినమున కూడ ఎవరినో ఒకరిని ప్రశ్నింపవలెను.

ఆ ప్రశ్న అడుగు హక్కు తలిదండ్రులకు ఉన్నది. మీ వీధిలోని బడికి ఒకనాడు మధ్యాహ్నపు గంట వేళకు పోయి చూడుడు. అన్నము వేడిగా నున్నదా, పప్పు చిక్కగా నున్నదా, వంట చేయు తల్లికి కూలి సకాలమున అందుచున్నదా, చేతులు కడుగుకొనుటకు నీరున్నదా, చిట్టచివర నిలిచిన పిల్లకు గిన్నె అడుగున కూర మిగిలినదా, చూడుడు. అధికారి వచ్చినాడని తెలిసిన దినమున అన్నియు సవ్యముగానే యుండును. పొరుగింటివారు ఏనాడైనను రావచ్చునని తెలిసినచో ప్రతిదినము సవ్యముగా నుండును.

చార్మినారు గడియారములను నగరమంతయు తలయెత్తి చూచును. పసివాని కడుపులోని గడియారమును మాత్రము తలవంచి చూడవలెను. ఆ రెండును ఒకే వేళ చూపిననాడు, గంట మ్రోగగానే పళ్ళెము నిండిననాడు, ఆ తరువాత నల్లబల్లపై వ్రాసిన లెక్క వ్రాసినవారి శ్రమను వృథా చేయదు.